పని నేర్పింది మీరు, పూచీ కూడా మీరేనా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. అంతా అచ్చు వేయడానికి చోటు లేదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఆవిడకు నలభై ఒకటి. పదేళ్లు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్పారు. ఆ కాలేజీ మూతపడ్డాక ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పక్క జిల్లాలోని జైల్లో వారానికి రెండు రోజులు క్లాసు చెబుతున్నారు. మంగళవారం, శుక్రవారం. పొద్దున్నే టిఫిన్ బాక్సుతో బస్సెక్కడం, గేటు దగ్గర ఫోను, పర్సు, వాచీ అప్పజెప్పడం. లోపల ఎనిమిది కంప్యూటర్లు, వాటిలో ఆరు పనిచేస్తాయి. ఇంటర్నెట్ లేదు, అడిగినా ఇవ్వరు. అందుకని ఇంట్లో జీఎస్టీ పోర్టల్ తెరిచి, ఒక్కో స్క్రీన్‌నూ డ్రాయింగ్ షీటు మీద స్కెచ్ పెన్నులతో గీసుకుని వెళ్తారట. "లాగిన్ బటన్ ఎక్కడుందో మా వాళ్లు కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపిస్తారు. కానీ ఒక్కడు కూడా దాన్ని నొక్కిన పాపాన పోలేదు" అని రాశారు.

ఇక నేరుగా మీతోనే మాట్లాడతాను. మీ క్లాసులో ఒక అబ్బాయి. ఇప్పుడతనికి ఇరవై తొమ్మిది. ఊళ్లో పొలం గట్టు దగ్గర గొడవలో కర్రతో కొడితే అవతలి మనిషి చనిపోయాడు. వరసకు బాబాయి కొడుకే. ఏడేళ్ల శిక్ష. లోపల ఉంటూనే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీకాం పాసయ్యాడు, మీ దగ్గర వ్యాపార లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్, ఎక్సెల్ నేర్చుకున్నాడు. నిబంధనకు విరుద్ధమని తెలిసీ మీరు అతని నోటు పుస్తకం వెనక అట్ట మీద మీ ఫోన్ నంబర్ రాసిచ్చారు. బయటికొచ్చిన వారానికి ఫోన్ చేశాడు.

సరిగ్గా అప్పుడే హనుమకొండలో ట్యాక్స్ ఆఫీసు నడిపే మీ తమ్ముడు, "అక్కా, టాలీ వచ్చిన పిల్లగాడు ఎవడన్న ఉంటే చెప్పు" అన్నాడు. మీరు చెప్పారు. నా స్టూడెంట్, బీకాం, బీదోళ్ల పిల్లగాడు, మంచోడు అన్నారు. అన్నీ నిజాలే. "మరి ఇన్నేండ్లు ఏం చేసిండు?" అని తమ్ముడు అడిగితే మాత్రం, "ఇంటికాడ వ్యవసాయం చూసుకున్నడు" అన్నారు.

మూడు నెలలైంది. తమ్ముడు మురిసిపోతున్నాడు. తను లోపలికి రాగానే ఆ అబ్బాయి లేచి నిలబడతాడట. మంచినీళ్లు తాగడానికి, బాత్రూంకు పోవడానికి కూడా అడిగి పోతాడట. "ఇంత మర్యాద ఈ కాలంల ఎక్కడున్నదక్కా" అని తమ్ముడంటే, ఆ లేచి నిలబడటం ఎక్కడ అలవాటైందో తెలిసిన మీరు ఇంటికొచ్చి ఏడ్చారు.

ఇప్పుడు తమ్ముడు క్లయింట్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు వచ్చే ఆఫీసు ఫోను ఆ అబ్బాయి చేతికి ఇవ్వబోతున్నాడు. వచ్చే ఏడాది అతని పేరు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా, అంటే వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్న్‌లు వేసే మనిషిగా, రిజిస్టర్ చేయిస్తానని కూడా మాటిచ్చాడు. ఆ రాత్రి అబ్బాయి మీకు ఫోన్ చేశాడు: "మేడం, చెప్తే పని పోతది. చెప్పకుంటే నాకు నిద్ర పడ్తలేదు." మీవారేమో "ఊకో, తెలిసిననాడు చూద్దాం" అంటున్నారు. ఆ ఆఫీసు మీ మరదలి బంగారం కుదువబెట్టి పెట్టింది. పైగా జైల్లో మిగిలిన పద్నాలుగు మందికి ఈ సంగతి తెలిసిపోయి, "మాకు కూడ ఒక పని చూడుండ్రి మేడం" అంటున్నారు. చెప్పాలా వద్దా, చెబితే ఎవరు చెప్పాలి, అసలు ఈ క్లాసే మానేయాలా అని మీ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రెండు రహస్యాలు ముడిపడి ఉన్నాయి. ముందు వాటిని విడదీద్దాం. ఏడేళ్లు జైల్లో ఉన్నాడన్నది అతని రహస్యం. వ్యవసాయం చూసుకున్నాడని మీరు చెప్పిన మాట మీ రహస్యం. మీకు నిద్ర పట్టనిది రెండోదాని వల్ల. కానీ ఉత్తరమంతా మొదటిదాని గురించే రాశారు. అతని కథ ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు మీకు లేదు. మీరు ఆడిన అబద్ధాన్ని మీరు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ అబద్ధం ఎందుకు ఆడారో నాకు అర్థమైంది. నేనైనా ఆ క్షణంలో అదే అని ఉండేదాన్నేమో. తమ్ముడు ప్రశ్న వేసి ఫోను పట్టుకుని ఉన్నాడు, జవాబుకు రెండు సెకన్లకు మించి లేదు. అయినా ఆ రెండు సెకన్లలో మీరు టీచర్ స్థానం నుంచి పూచీదారు స్థానానికి వెళ్లిపోయారు. అక్కడి నుంచే ఇదంతా మొదలైంది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నిజాం కాలం నాటి వరంగల్ సెంట్రల్ జైలు మీకు తెలుసు. 2021లో దాన్ని కూల్చి, ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి పునాది వేశారు. ఖైదీలను వేరే జైళ్లకు పంపారు. మీరు క్లాసు చెప్పడానికి పక్క జిల్లాకు బస్సెక్కడానికి అదీ ఒక కారణమే కదా. ఆ జైల్లో దర్రీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు నేసేవాళ్లు. కొత్తవాడ దర్రీలంత పేరు రాకపోయినా జైలు దర్రీ గట్టిదని మా ఇంట్లో పెద్దవాళ్లు అనేవాళ్లు. వాటి మీద కూర్చుని పెళ్లి భోజనాలు చేశాం. ఏ చేతులు నేశాయని ఒక్కరం అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే దర్రీ కొన్నాక నేసినవాడితో మనకు పని లేదు. ఇవాళ జైళ్ల శాఖ 'మై నేషన్' పేరుతో అమ్మే సబ్బు, ఫర్నిచర్ అయినా అంతే.

మీరు నేర్పే పని అలాంటిది కాదు. ట్యాక్స్ ఆఫీసులో కూర్చున్నవాడి చేతికి ఊళ్లోని కిరాణా షాపువాళ్లవీ, హార్డ్‌వేర్ షాపువాళ్లవీ లెక్కలన్నీ వస్తాయి. పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌వర్డ్‌లు. ఇక్కడ టాలీ రావడం ఎంత ముఖ్యమో, తాళంచెవి ఇవ్వగలిగిన మనిషి అవడం అంతే ముఖ్యం. వడ్రంగం నేర్పి పంపితే ఈ చిక్కు ఇంత గట్టిగా వచ్చేది కాదు. కంప్యూటర్ పని నేర్పేవాళ్లు దీన్ని మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టుకోవాలి. మీరు పెట్టుకోలేదు. మీతో పాటు చాలామంది పెట్టుకోరు.

అలాగని ఆ అబ్బాయి తాళంచెవికి పనికిరాడని నేను అనడం లేదు. అతను చేసింది చిన్న తప్పు కాదు, ఒక ప్రాణం పోయింది. కానీ అది డబ్బు నేరం కాదు, మోసం కాదు. ఓటీపీలు అడిగి డబ్బులు లాగిన కేసులో లోపలికి వెళ్లినవాడైతే, ఓటీపీ ఫోన్ అతని చేతికి రాకముందే ఈ రాత్రే మీ తమ్ముడికి చెప్పేయమనేదాన్ని. ఇతని విషయంలో అంత తొందర లేదు. అలాగని నెలల తరబడి టైమూ లేదు.

ఎందుకు లేదో చెబుతాను. జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావాలంటే కోర్టు దోషిగా నిర్ధారించిన మనిషి అయి ఉండకూడదని జీఎస్టీ నిబంధనల్లో 83వ రూలు చెబుతోంది. ఉద్యోగిగా ఎంట్రీలు కొట్టడానికి అడ్డు లేదు. తన పేరు మీద ప్రాక్టీషనర్‌గా నమోదు కావడానికి అడ్డుంది. అంటే మీ తమ్ముడు ప్రేమగా ఇచ్చిన ఆ మాటే రేపు ఈ అబ్బాయి మెడకు చుట్టుకుంటుంది. ఫారం నింపే రోజున నిజం రాస్తే అప్పుడు బయటపడుతుంది. అబద్ధం రాస్తే ఈసారి అది మీ అబద్ధం కాదు, ప్రభుత్వానికి అతను రాసిచ్చిన అబద్ధం అవుతుంది. ఇన్నాళ్లకు గేటు దాటి వచ్చినవాణ్ని మళ్లీ అటు తోసినట్టే. ఆ అబ్బాయికి ఈ రూలు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసే ఆ రాత్రి ఫోన్ చేశాడేమో అనిపిస్తోంది.

ఇక "తెలిసిననాడు చూద్దాం" అన్న మీవారి మాట. దాని వెనక నెమ్మదితనం ఉంది, నేను కాదనను. చాలా సంసారాలు ఆ మాట మీదే గడుస్తాయి. కానీ ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో జిల్లా కోర్టు ఎంచుకుని పేరు కొడితే కేసు కనిపిస్తుంది. ఇది పోలీసులకో లాయర్లకో మాత్రమే తెలిసిన గుట్టు కాదు, ఫోన్ ఉన్న ఎవరైనా చూడొచ్చు. అదీ కాకపోతే అతని ఊరివాడెవడో ఏదో ఒక రోజు బిల్లుల కట్టతో ఆ ఆఫీసు మెట్లెక్కుతాడు. మన దగ్గర జిల్లాలు ముక్కలయ్యాయి గానీ చుట్టరికాలు కాలేదు కదా. అలా బయటపడితే మీ తమ్ముడు ముందు అడిగేది ఆ అబ్బాయిని కాదు, మిమ్మల్ని. "నీకు తెల్సు కదక్కా?" అంటాడు. మరదలి బంగారం మాట కూడా అప్పుడే వస్తుంది. ఊరుకోవడం అనేది కూడా ఒక దారేనని ఒప్పుకుంటాను. కాకపోతే దాని ఖర్చంతా ఆ అబ్బాయి, మీ తమ్ముడు భరించాలి.

రెండో దారి, మీరే వెళ్లి తమ్ముడికి అంతా చెప్పేయడం. మీ గుండె బరువు దిగిపోతుంది. కానీ ఆ అబ్బాయి రాత్రిపూట మిమ్మల్ని నమ్మి చేసిన ఫోన్‌కు అది జవాబు కాదు. ఆ జైలు క్లాసులో మిగిలిన పద్నాలుగు మందికి కూడా ఇది చేరుతుందని మర్చిపోకండి. మేడంకి చెబితే మేడం చెప్పేస్తుంది అనుకున్న రోజున మీరు ఎక్సెల్ ఎంత బాగా చెప్పినా లాభం లేదు.

నాకు ఎక్కువ నచ్చేది మూడోది, అతనే చెప్పడం. కానీ ఒంటరిగా కాదు. ముందు మీరు అతనికి ఫోన్ చేసి మీ అబద్ధం సంగతి చెప్పండి. బహుశా అతనికి తెలిసి ఉండదు, వ్యవసాయం చేశాడని మీరు చెప్పారని. తమ్ముడు ఆ మాట ఎప్పుడైనా ఎత్తితే అతను ఎంత ఇరుకున పడి ఉంటాడో ఆలోచించండి. "ఆ మాట నేను వెనక్కి తీసుకుంటాను, నీ సంగతి నువ్వు చెప్పు, నేను పక్కనే కూర్చుంటాను" అనండి. పది రోజులు గడువు ఇవ్వండి. అప్పటికీ అతను నోరు తెరవలేకపోతే, మీ వంతు మాత్రం మీరు చేయండి: తమ్ముడితో "ఆ పిల్లగాడి గురించి నేను నీకు ఒక అబద్ధం చెప్పిన. అసలు సంగతి అతనే చెప్పాలె. అప్పటిదాక పాస్‌వర్డ్‌లు ఇయ్యకు" అని. అతని కథ అతని దగ్గరే ఉంటుంది, మీ తమ్ముడి క్లయింట్లకూ అన్యాయం జరగదు. ఇలా అన్నాక తమ్ముడు ఊరుకోడు, తవ్వుతాడు, నాకు తెలుసు. అందుకే ఇది రెండో మెట్టు, మొదటిది కాదు. ఇలా చేయబోతున్నారని ఆ అబ్బాయికి ముందే చెప్పి ఉండాలి, చాటుగా మాత్రం వద్దు.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా చిన్న విషయం కాదు. ప్రతి నెలా 11న ఒక జీఎస్టీ రిటర్న్, 20న ఇంకొకటి వేయాలి. ఆ మధ్య ట్యాక్స్ ఆఫీసులో ఎవరికీ ఊపిరాడదు, భోజనం కూడా కీబోర్డు ముందే. ఆ రోజుల్లో ఇలాంటి మాట ఎత్తితే తమ్ముడికి కోపం తప్ప ఇంకేమీ రాదు. 20 దాటిన ఆదివారం చూసుకోండి. ఆఫీసులో వద్దు, మీ ఇంట్లో. మరదలు కూడా ఉండాలి. ఆమె బంగారం ఉన్న చోట ఆమెకు తర్వాత తెలియడం అన్నిటికన్నా అవమానం.

తమ్ముడు ఏమంటాడో నేను ఊహించలేను. "రేపటి నుంచి రావొద్దు" అనొచ్చు. ఆ మాట అనే హక్కు ఆయనకు ఉంది. అలా అన్నందుకు మీరు జీవితాంతం సాధించకూడదు. జీతం మాత్రం ఆ నెలది పూర్తిగా ఇప్పించండి. అలా కాకుండా ఉంచుకుంటానంటే, ఎలా ఉంచుకోవాలో మీరు చెప్పగలరు, ఈ విషయంలో మీకున్న తెలివి ఆయనకు లేదు. టాలీలో ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ పెట్టొచ్చు, ఎవరు ఏ ఎంట్రీ మార్చారో ఎడిట్ లాగ్ చూపిస్తుంది. బిల్లుల ఎంట్రీ, లెక్కలు సరిచూడడం ఆ అబ్బాయి చేస్తాడు. ఓటీపీ ఫోన్ తమ్ముడి దగ్గరే ఉంటుంది. నిజానికి అది ఏ ఉద్యోగి చేతిలోనూ ఉండకూడదు, జైలు చూసినవాడైనా చూడనివాడైనా. నలుగురి పాస్‌వర్డ్‌లు ఒకే నోటుబుక్కులో రాసి సొరుగులో పెట్టుకునే ఆఫీసులు నేను చూశాను. ఆ సొరుగు భయం ఈ అబ్బాయి వల్ల కొత్తగా వచ్చింది కాదు.

పని పోతే ఏంటి అన్నది ఆ అబ్బాయి భయం. జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు పని ఇస్తున్నారు. బీకాం చదివినవాణ్ని పైపు పట్టుకోమంటావా అని మీరు నన్ను తిట్టుకోవచ్చు. కానీ అక్కడ దాచాల్సింది ఏమీ ఉండదు, గతం తెలిసే తీసుకుంటారు. కొంతకాలం అలా నిలదొక్కుకుని, సాయంత్రాలు ఎవరి అకౌంట్లైనా చూసుకోవచ్చు. తెలుగు టైపింగ్ నేర్పితే డీటీపీ, జిరాక్స్ షాపుల్లో పని దొరుకుతుంది, అక్కడ పెళ్లిపత్రికలు కొట్టేవాడి గతం ఎవరూ తవ్వరు. మడికొండ ఐటీ కంపెనీల లాంటివి మాత్రం అతనికి ఆశ పెట్టకండి. పెద్ద కంపెనీల్లో చేరేముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక పోవడం ఇంకా కష్టం.

క్లాసు మానేయాలా అన్నారు. వద్దు. క్లాసు చెప్పే తీరు కొంచెం మార్చండి. 2022 జైలు గణాంకాల్లో దేశం మొత్తం మీద ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే తీర్పు రానివాళ్లు. మీ బెంచీల మీద కూడా అలాంటివాళ్లు ఉండే ఉంటారు. ఇవాళ వచ్చినవాడు శుక్రవారానికి బెయిల్ మీద వెళ్లిపోతాడు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఉన్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హులు. ఉరి, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు. కాబట్టి ఆరు నెలల కోర్సు పెట్టుకుంటే సగంలో వెళ్లేవాళ్లే ఎక్కువ. రెండు వారాల్లో చేతికి ఏదో ఒకటి వచ్చేలా ముక్కలు చేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వాళ్ల సీసీసీ అనే ప్రాథమిక కంప్యూటర్ కోర్సు 80 గంటలదే, పరీక్ష రాసే వీలుంటుందేమో అధికారులను అడగండి. మీరే సర్టిఫికెట్ ఇస్తుంటే దాని మీద జైలు పేరు, చిరునామా లేకుండా చూడండి. తీర్పు రానివాడికీ, నిర్దోషిగా బయటపడినవాడికీ, శిక్ష పడినవాడికీ తేడా వాళ్లకే సరిగా తెలియదు. "మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా" అని ఫారంలో అడిగితే ఎవరు ఏం రాయాలో ఒక రోజు క్లాసు పెట్టండి. ఎక్సెల్ ఫార్ములా కన్నా అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

డ్రాయింగ్ షీట్ల గురించి సిగ్గుపడుతూ రాశారు. ఎందుకు? అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో 2014లో కోడింగ్ క్లాసు మొదలుపెట్టినప్పుడు వాళ్లకూ ఇంటర్నెట్ లేదు. వాళ్లకు డబ్బుంది, మీకు స్కెచ్ పెన్నులున్నాయి, అంతే తేడా. ఒక్క మాట: ఇంటర్నెట్ లేకుండానే వికీపీడియా లాంటివి చదువుకునే కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే పెన్‌డ్రైవ్ చాటుగా తీసుకెళ్లకండి. సూపరింటెండెంట్‌కు కాగితం పెట్టి, ఆయన చేతుల మీదుగానే ఆ కంప్యూటర్లలో వేయించండి. ఫోన్ నంబర్ విషయం ఒకసారి జరిగింది, చాలు. మీరు రూలు తప్పితే ముందు ఆగిపోయేది క్లాసు, బాధపడేది ఆ పద్నాలుగు మంది. విడుదలయ్యాక కలవడానికి మీరు పనిచేసే సంస్థ నంబర్ ఇవ్వొచ్చేమో అడిగి చూడండి.

"మాకు కూడ ఒక పని చూడుండ్రి" అన్నవాళ్లకు ఈ శుక్రవారం ఏం చెప్పాలో మీరు అడగలేదు గానీ, అదే మీకు అన్నిటికన్నా కష్టమనిపిస్తోంది. "పని నేర్పుతా, పని ఇప్పించలేను" అని చెప్పండి. ముఖాలు వాడిపోతాయి. ఇద్దరు ముగ్గురు క్లాసుకు రావడం మానేస్తారు. మిగిలినవాళ్లతో ఆ పాడైన రెండు కంప్యూటర్లూ విప్పించి బాగుచేయించండి. అందులో ఒకదానికి ర్యామ్ ఊడిందేమోనని మీరే రాశారు కదా.